కళాశాల నుండి కార్యశాలకు: ఒక విద్యార్థి శిక్షణ సంవత్సరము

చదువు ముగిసిన పిమ్మట ఉద్యోగము, ఉద్యోగమునకు ముందు శిక్షణ అను మాట నేడు మన విద్యార్థులందరి నోటను వినవచ్చుచున్నది. అయితే ఆ శిక్షణ ఎట్టిది, దానిని ఎవరు ఇచ్చెదరు, ఏ ఒప్పందముపై ఇచ్చెదరు, సంవత్సరము తిరిగిన తరువాత చేతికి ఏమి వచ్చును అని అడిగినచో సమాధానము చెప్పగలవారు మా తరగతులలో బహు కొద్దిమంది. తెలుగు బోధించు మేము సాఫ్ట్‌వేర్ కంపెనీల శిక్షణను గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. మా పూర్వ విద్యార్థి యొకడు తన శిక్షణ కాలములో ఒకనాటి సాయంకాలము మా వద్దకు వచ్చి "సర్, ముహమ్మద్ అను మాటలో ఎన్ని అక్షరములున్నవి?" అని అడిగినాడు. ఈ వ్యాసమునకు మూలము ఆ ప్రశ్న. అతని కోరికపై అతని పేరును, అతడు పనిచేసిన సంస్థ పేరును ఇచ్చట వ్రాయుట లేదు.

అతడు పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమములో చదివినాడు. మన కళాశాలలో బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదువుచు ద్వితీయ భాషగా తెలుగును తీసికొన్నాడు. 2022లో పట్టము పొందినాడు. తండ్రి లాడ్ బజారు దుకాణములకు లక్క గాజులు చేసి ఇచ్చు పనివాడు. ఇంటిలో ఏడుగురు, గదులు రెండు.

మొదట ఆ ప్రాంతమును గూర్చి కొంత చెప్పవలెను. మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనమును 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించినారు. దానితో హైటెక్ సిటీ అను పేరు లోకమునకు తెలిసినది. అదే 1998లో గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ, అనగా ట్రిపుల్ ఐ.టి., స్థాపితమైనది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము కూడ ఆ సంవత్సరమే ఏర్పడి గచ్చిబౌలిలోనే నెలకొన్నది. కంప్యూటర్ల నగరము, ఉర్దూ విశ్వవిద్యాలయము ఒకే ఏట పుట్టి ఇరుగుపొరుగున పెరిగినవన్నమాట. ఉర్దూ చదివినవానికి ఆ దిక్కున చోటు లేదని తలపోయువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

మన నగరములో యంత్రవిద్య హైటెక్ సిటీతోనే మొదలైనదనుకొనుట కూడ పొరపాటు. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు గారి నాయకత్వమున ఇ.సి.ఐ.ఎల్. ఇచ్చట వెలసినది. టి.డి.సి.-12 అను కంప్యూటరును ఆ సంస్థ 1969లో నిర్మించినది. మన పెద్దలలో ఎందరో అట్టి కర్మాగారములలో అప్రెంటిస్‌లుగా చేరి పని నేర్చుకొన్నవారే. చదువును, పనిని ముడిపెట్టు పద్ధతి కూడ కొత్తది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయములో హెర్మన్ ష్నైడర్ 1906లోనే విద్యార్థులను కొంతకాలము తరగతికి, కొంతకాలము కర్మాగారమునకు పంపు ఏర్పాటు చేసినాడు. మన దేశములో పిలానీలోని బిట్స్ సంస్థ 1973లో ప్రాక్టీస్ స్కూల్ అను పేర దానిని చదువులో భాగము చేసినది.

ఇక చట్టము. అప్రెంటిస్‌ల చట్టము 1961లో వచ్చినది. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమా చదివినవారిని దాని పరిధిలోనికి తెచ్చినారు. 2014 సవరణతో మన బి.ఎస్సీ., బి.కాం., బి.ఏ. విద్యార్థులకును ఆ ద్వారము తెరువబడినది. శిక్షణ సాధారణముగా ఒక సంవత్సరము. 2019 నాటి నిబంధనలు పట్టభద్రునికి నెలకు 9,000 రూపాయలకు తక్కువ కాని స్టైపెండ్ ఇవ్వవలెనని చెప్పినవి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకము క్రింద చేరినవారి విషయములో ఈ కనీస మొత్తములో సగమును కేంద్ర ప్రభుత్వము భరించునట్టి ఏర్పాటు కలదు. మా విద్యార్థి ఈ పథకము క్రిందనే హైటెక్ సిటీలోని ఒక సంస్థలో చేరినాడు.

పాతబస్తీనుండి హైటెక్ సిటీకి దూరము మైళ్ళలో కంటె అలవాట్లలో ఎక్కువ. మెట్రో రైలు 2019లో అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి, పిదప రాయదుర్గమునకు చేరినది. జూబ్లీ బస్ స్టేషన్ నుండి వచ్చు మరియొక మార్గము 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు తెరువబడినది. అందువలన అతని శిక్షణ సంవత్సరములో అతని వీధి సమీపమున మెట్రో లేదు. అతనికి దిక్కు ఫలక్‌నుమా నుండి లింగంపల్లికి పోవు ఎం.ఎం.టి.ఎస్. రైలే. ఉప్పుగూడ, యాకుత్‌పుర, డబీర్‌పుర, మలక్‌పేట, కాచిగూడ దాటి ఆ రైలు జామియా ఉస్మానియా అను స్టేషన్‌లో ఆగును. ఆ పేరు చూచినపుడెల్ల మాకు ఒక సంగతి జ్ఞాపకము వచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమగుటకు ముందే, 1917లో, శాస్త్రగ్రంథములను అనువదించుటకు దారుల్ తర్జుమా అను శాఖను నెలకొల్పినారు. గణితము, రసాయనము, వైద్యము, ఇంజనీరింగు మన భాషలో చెప్పవచ్చునని ఈ నగరము ఒకప్పుడు నమ్మినది. ఆ స్టేషన్ దాటిన తరువాత సికింద్రాబాద్, బేగంపేట, భరత్‌నగర్, బోరబండ. ఆపైన హైటెక్ సిటీ. అక్కడనుండి షేర్ ఆటో. ఆ రైలు తప్పినచో ఆ దినము పనివేళ తప్పినట్లే గనుక అతడు ఫజర్ నమాజు ముగించి నేరుగా బయలుదేరెడివాడు.

మొదటి మూడు నెలలలో అతనికి ప్రోగ్రాము వ్రాయు పని ఇవ్వలేదు. ఇతరులు వ్రాసినదానిని చదువుట, అది పనిచేయుచున్నదా లేదా అని పరీక్షించుట, తప్పు కనబడినచో దానిని వివరముగా వ్రాసి నమోదు చేయుట, ఇవే అతని పనులు. దీనికి అతడు మిక్కిలి నిరుత్సాహపడినాడు. "మూడేళ్ళు చదివినది ఇందుకేనా సర్?" అని మాతో వాపోయినాడు. మేము ఏదో ఓదార్పు చెప్పితిమి గాని అతనిని నిలబెట్టినది మా మాట కాదు, తండ్రి మాట. లక్క గాజుల పనిలో షాగిర్దు మొదటి సంవత్సరము రాళ్ళను తాకడు. బొగ్గుల సెగ ఆరిపోకుండ చూచుట, లక్కను కాచి మెత్తబరచుట, కఱ్ఱపై దానిని సాగదీయుట, ఇంతే. సెగ ఎక్కువైనచో లక్క కారిపోవును, తక్కువైనచో రాయి అతుకదు. ఈ సంగతి చేతికి తెలిసిన పిమ్మటనే ఉస్తాదు రాళ్ళ పెట్టె ముట్టనిచ్చును. కుమారుని ఫిర్యాదు విని ఆ తండ్రి ఒకే ప్రశ్న వేసినాడట: "వహాఁ ఉస్తాద్ కౌన్ హై?" అక్కడ నీకు ఉస్తాదు ఎవరు?

ఈ ప్రశ్నకు అతడు వెంటనే సమాధానము చెప్పలేకపోయినాడు. ఆ సంవత్సరములో అతని టీమ్ లీడర్ మూడుసార్లు మారినాడు. శిక్షణ పత్రములో శిక్షకుని పేరు వ్రాసియున్నది గాని ఆ వ్యక్తి వేరొక అంతస్తులో వేరొక పనిలో ఉండెను. చివరకు అతడు ఉస్తాదుగా ఎంచుకొన్నది టెస్టింగ్ విభాగములోని ఒక సీనియర్ ఉద్యోగినిని. ఆమెకు ఆ బాధ్యతను ఎవరును అప్పగించలేదు. అతడు నమోదు చేసిన తప్పుల వివరములను చదివి, "ఇది చదివినవాడు నీ ప్రక్కన కూర్చొని ఉండడు, ఏ మీట నొక్కితివో, ఏమి వచ్చునని తలచితివో, ఏమి వచ్చినదో మూడును వ్రాయుము" అని ఆమె తిప్పి పంపెడిది. వ్యాసరచనలో మేము మూడేండ్లు చెప్పి నేర్పలేని క్రమమును ఆమె మూడు నెలలలో నేర్పినది. దీనిని ఒప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు.

ప్రతిదినము ఉదయము పదిహేను నిమిషములు అందరును నిలబడి మాటలాడు సమావేశమొకటి ఉండెను. నిన్న ఏమి చేసితిని, నేడు ఏమి చేసెదను, నాకు అడ్డమైనది ఏమి అని ప్రతివాడును ఇంగ్లీషులో చెప్పవలెను. మొదటి వారము అతని నోట మాట రాలేదు. తరువాత అతడొక ఉపాయము కనిపెట్టినాడు. రైలులో మూడు వాక్యములు కాగితముపై వ్రాసికొని, బోరబండకు హైటెక్ సిటీకి నడుమ వాటిని కంఠస్థము చేసెడివాడు. ఆ కాగితములను అతడు పారవేయలేదు. మేము వాటిని చూచినాము. మొదటివి తప్పులతడకలు; ఆరవ నెలలో వాక్యములు చిన్నవై, స్పష్టమైనవి; తొమ్మిదవ నెలకు కాగితములే లేవు.

ఇప్పుడు అతడు మమ్ము అడిగిన ప్రశ్నకు వత్తము. అతని విభాగమునకు ఒక దరఖాస్తు ఫారమును పరీక్షించు పని వచ్చినది. అందులో పేరును ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ భాషలలో దేనిలోనైన నింపవచ్చును. పరీక్షించువారు అందరును ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి సరిగా ఉన్నదనినారు. మా విద్యార్థి తన పేరులోని మొదటి మాటను తెలుగులో కొట్టి చూచినాడు. "ముహమ్మ" వరకు వచ్చి, ఆపైన ఒక ప్రశ్నార్థకపు గుర్తు కనబడినది. ఉర్దూలో కొట్టగా సరిగా వచ్చినది. కారణము తెలియక అతడు మా వద్దకు వచ్చినాడు.

ఎన్ని అక్షరములని అడిగినపుడు మేము, కంటికి కనబడునవి నాలుగు, ము, హ, మ్మ, ద్ అని చెప్పితిమి. ఛందస్సులో పొల్లును ముందరి అక్షరముతో కలిపి లెక్కింతుము గనుక మూడే అనియు చెప్పితిమి. అతడు నవ్వి, "యంత్రము ఎనిమిది అనుచున్నది సర్" అనినాడు. ఇద్దరమును కాగితము ముందు పెట్టుకొని కూర్చొన్నాము. లోకములోని లిపులన్నిటికిని సంఖ్యలనిచ్చు యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరము మనము వ్రాయునట్లు ఒక ముద్దగా నిలువ చేయబడదు. మ, ఉకారపు కొమ్ము, హ, మ, పొల్లు, మ, ద, పొల్లు, ఈ విధముగా విడివిడిగా ఎనిమిది గుర్తులు. మ్మ అను ఒత్తు యంత్రము కడుపులో మకారము, పొల్లు, మరల మకారము. "స్త్రీ" అను ఒక్క అక్షరము ఆరు గుర్తులు. సంయుక్తాక్షరమును హల్లులుగా విడదీయుట మేము తరగతిలో చెప్పునదే. యంత్రము చేయుచున్నది ఆ పనియే.

చిక్కు దాని తరువాత వచ్చినది. వాడుకలో మిక్కిలి ప్రచారమున నున్న యు.టి.ఎఫ్.-8 అను నిలువ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. ఉర్దూ అక్షరమునకు రెండు. తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరముల మొహమ్మెద్‌కు ఎనిమిది బైట్లు. ఉర్దూలో మీమ్, హే, మీమ్, దాల్ నాలుగే గనుక ఎనిమిది బైట్లు. తెలుగులో ఎనిమిది గుర్తులకు ఇరువదినాలుగు బైట్లు. ఫారము వ్రాసినవారు పేరుకు ఇరువది బైట్ల చోటు విడిచినారు. పదునెనిమిది బైట్లలో ఆరు గుర్తులు ఇమిడినవి. మిగిలిన రెండు బైట్లలో దకారము మూడింట రెండు వంతులు పట్టి విరిగిపోయినది. ఆ ప్రశ్నార్థకము విరిగిన దకారమే. ఇంగ్లీషు పేర్లతో ఎన్నిసార్లు పరీక్షించినను ఇది బయటపడదు.

అతడు దీనిని ఆ రాత్రియే వ్రాసి పంపినాడు. వారము దినములలో చోటు పెంచి సరిదిద్దినారు. ఆ ధైర్యముతో అతడు రెండవ దోషమును కూడ వ్రాసినాడు. ఆ ఫారములో ఇంటిపేరు నింపనిదే ముందుకు పోనివ్వదు; దానిని పేరుకు చివర పెట్టవలెననియు నియమము. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును. సురవరం ప్రతాపరెడ్డి గారిని తలచుకొన్న చాలును. మన ముస్లిం కుటుంబములలో తండ్రి పేరులోని మాట కుమారుని పేరులో ఉండవలెనను నియమము లేదు. ఇంటిపేరే లేనివారు అనేకులు. అట్టివారు ఆ గడిలో ఏమి వ్రాయవలెను? దీనికి వచ్చిన సమాధానము, "ఇది దోషము కాదు, నిబంధన" అని. తరువాతి కూర్పులో చూచెదమనినారు. అతడు ఉన్నంత కాలము అది మారలేదు. ఒక దోషము దిద్దబడి మరియొకటి దిద్దబడకపోవుటయే అతనికి ఆ ఉద్యోగపు స్వభావమును తెలిపినదని మా అభిప్రాయము. మొదటిది యంత్రమునకు సంబంధించినది. ఋజువు చూపగా ఒప్పుకొన్నారు. రెండవదానిని ఒప్పుకొనవలెనన్న మనుష్యుల పేర్లను గూర్చి తమకు తెలిసినది తక్కువయని ముందు ఒప్పుకొనవలెను.

వారములో రెండు దినములు ఇంటినుండి పని చేయవచ్చుననిరి. ఇది అందరికి వరము, అతనికి కష్టము. రెండు గదుల ఇంటిలో లాప్‌టాప్ పెట్టుకొని సమావేశములో మాటలాడుట ఎట్లు? తల్లి కుట్టుమిషను ఆపి కూర్చొనెడిది. అది చూడలేక అతడు మన కళాశాల గ్రంథాలయమునకు వచ్చి కూర్చొనెడివాడు. నాలుగు గంటలకు గ్రంథాలయము మూయగానే బయటి మెట్లపై కూర్చొని ఫోను నుండి ఇంటర్నెట్టు తీసికొని పని ముగించెడివాడు. మేము ఈ దృశ్యమును ఎన్నియోసార్లు చూచియు, అతడు మిత్రులకొరకు ఎదురుచూచుచున్నాడని తలచితిమి.

స్టైపెండ్ రెండు పర్యాయములు రెండేసి నెలలు ఆలస్యమైనది. అడుగుటకు అతడు వెనుకాడినాడు, అడిగినచో చివర ఉద్యోగము ఇవ్వరేమోనని. ఇచ్చట చట్టము చెప్పునది విద్యార్థులందరును గ్రహింపవలెను. అప్రెంటిస్ శిక్షణ పొందువాడే గాని కార్మికుడు కాడని చట్టములోనే ఉన్నది. శిక్షణ ముగిసిన పిమ్మట ఉద్యోగము ఇచ్చి తీరవలెనని యజమానికి నిర్బంధము లేదు. 2014 సవరణ ప్రకారము ఈ విషయములో ప్రతి సంస్థయు తన విధానమును తానే నిర్ణయించుకొనవలెను. మా విద్యార్థి సంతకము చేసిన ఒప్పందములో ఉద్యోగమును గూర్చి ఒక్క మాటయు లేదు. అతడు దానిని చదువలేదు. నిజము చెప్పవలెనన్న, సంతకమునకు ముందు మాకు చూపినాడు, మేమును చదువలేదు. పెద్ద భవనము, మెడలో ఐడీ కార్డు చూచి సంతోషించితిమి.

సంవత్సరము ముగిసినది. అతనితో చేరినవారిలో కొందరిని ఉంచుకొన్నారు, అతనిని ఉంచుకొనలేదు. ఆ సాయంకాలము అతడు మా ఇంటికి వచ్చి చాలసేపు మాటలాడక కూర్చొన్నాడు. జిద్దాలోనున్న మేనమామ రమ్మనుచున్నాడని, తల్లి కూడ పొమ్మనుచున్నదని చెప్పినాడు. తండ్రి మాత్రము ఏమియు చెప్పలేదట. పిమ్మట నాలుగు నెలలు అతడు తండ్రి ప్రక్కన బొగ్గుల కుంపటి వద్ద కూర్చొని పగలు లక్క కాచినాడు, రాత్రి దరఖాస్తులు పంపినాడు. అయిదవ నెలలో కొండాపూర్‌లోని ఒక చిన్న సంస్థలో టెస్టింగ్ ఉద్యోగము దొరికినది. జీతము గొప్పది కాదు. ఇంటర్వ్యూలో శిక్షణ పత్రమును ఒకసారి చూచి ప్రక్కన పెట్టి, నీవు కనుగొన్న ఒక దోషమును వివరింపుమని అడిగినారట. అతడు విరిగిన దకారమును గూర్చి చెప్పినాడు.

కళాశాల పాలక సంఘము వారికి మా విన్నపము కొంత కలదు. పట్టపు చదువులోనే కనీసము ఒక సెమిస్టరు అప్రెంటిస్ శిక్షణను చేర్చుకొనుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2020లో మార్గదర్శకములు ప్రకటించినది. మన కళాశాల దానికి పూనుకొనుటకు ముందు, ఇప్పటికే బయటకు పోవుచున్నవారి మంచి చెడ్డలు చూచువారు ఒకరుండవలెను. ప్రతి ఒప్పందమును విద్యార్థితో కలిసి చదివి, శిక్షకుడెవరో, స్టైపెండ్ ఏ తేదీన వచ్చునో, శిక్షణానంతరము సంస్థ విధానమేమో వ్రాతమూలకముగ అడుగు అధ్యాపకుడొకడు కావలెను. డబ్బు కట్టించుకొని శిక్షణ పొందినట్లు పత్రమిచ్చువారు కూడ నగరములో లేకపోలేదు. అట్టి పత్రములతో వచ్చి మా సంతకము కోరిన విద్యార్థులున్నారు. గ్రంథాలయమును రాత్రి ఎనిమిది వరకు తెరచియుంచుటకు ఒక పరిచారకుని జీతము, కొంత విద్యుచ్ఛక్తి తప్ప వేరు ఖర్చు లేదు. ఆ మెట్లపై మరియొకడు కూర్చొనకుండ చూచుట మన చేతిలోని పనియే.

విద్యార్థులారా, మీలో ఈ యేడు నలుగురు శిక్షణకు దరఖాస్తు పెట్టినారు. అందులో ఇద్దరు బాలికలు. వారిలో ఒకరి తండ్రి మొన్న మా వద్దకు వచ్చి, "లెక్చరర్ సాబ్, ఆ దారి ఎట్లుండును, సాయంకాలము ఎన్ని గంటలకు తిరిగి వచ్చును, అక్కడ మా పిల్లను చూచుకొనువారెవరు?" అని అడిగినారు. మాకు తెలిసినంత చెప్పితిమి, ఆయనకు తృప్తి కలుగలేదు. రానున్న శనివారము ఉదయము ఆ తండ్రీకూతుళ్ళతో కలిసి ఫలక్‌నుమాలో రైలెక్కుటకు ఒప్పుకొన్నాము. మా పూర్వ విద్యార్థి హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎదురు వచ్చెదననినాడు.